వాపసు రాని దీపాలు

గోదావరిఖని
కార్తీక మాసం

తీతన్నకు ఎల్లేశం దండాలు.

ముందుగాల నా రాతకు మాఫ్ చెయ్యాలె అన్నా. మా ఊరి బడిల పంతులు ఉన్నన్ని రోజులే నా సదువు. కొమ్ములు, దీర్ఘాలు అప్పుడే కుదరలేదు, ఇప్పుడు వేళ్ళు సుత వణుకుతున్నయి. గీత మీద మొదలుపెడితే అక్షరాలు మెల్లగ కిందికి జారుతున్నయి, బొగ్గు బాయిల దిగినట్టు. సమజ్ కాని కాడ డెబోరా బిడ్డతోని చదివిపిచ్చుకో. గని నడిమిట్ల ఒక ముచ్చట ఉన్నది, అది మాత్రం నువ్వే కూడబలుక్కొని చదువు.

ఫోన్ చెయ్యరాదా అంటవు. నువ్వు బిడ్డ కాడికి కొత్తగూడెం పోయినంక చేసిన గద. నేను బొంగురు గొంతుతోని మాట్లాడుతుంటే నువ్వు అటుకెల్లి "ఎవరయ్యా, ఉత్త గాలి వస్తున్నది" అని పెట్టేసినవు. మీ మరదలు సమ్మవ్వ కడుపు పట్టుకొని నవ్వింది. "ఒకాయనకు మాట లేదు, ఒకాయనకు చెవి లేదు, మంచిగ దొరికిండ్రు దోస్తులు" అన్నది. అందుకే కాయితం పట్టిన.

ఇక్కడ అందరం మంచిగున్నమని రాసుడు రివాజు. నీకు రాయబుద్ధి అయితలేదు.

గొంతుల గడ్డ మళ్ళ వచ్చిందన్నా. పోయినేడు కరెంటు పెట్టిస్తే పోయిందన్నరు. ఇప్పుడు దాని పక్కపొంటి ఇంకోటి మొలిచింది. ఇక్కడి దవాఖానల చూసి పట్నం పంపిండ్రు. అక్కడ యమున అని ఒక డాక్టరమ్మ. కాసిపేట పిల్ల, వాళ్ళ నాయిన సుత బాయిల చేసిండట. నా కాయితంల టింబర్‌మన్ అని చూసి, "పైకప్పు కింద దుంగలు నిలబెట్టెటోళ్ళు గద తాతా, ఏ బాయి మీది" అని అడిగింది. అంత పెద్ద దవాఖానల ఆ మాట ఇంటే నాకు ఎవరో తువ్వాలతోని మొఖం తుడిచినట్టైంది.

ఆమె రెండు తొవ్వలు చెప్పింది. ఒకటి ఆపరేషను. గొంతు తీసేస్తరు, పాణం ఉంటది, మాట ఉండది. ఇంకోటి కొత్త మందు. అది ఇంకా పరీక్షల ఉన్నది, ఒప్పుకున్నోళ్ళకే ఇస్తరు. పనిచేస్తదని మాట ఇయ్యలేనని ముందుగాలనే చెప్పింది. చెయ్యకుంటే అప్పుడు ఆపరేషనే. మాట పోతే పోనీ, నాదేం మాట అనుకున్న. నేను మాట్లాడింది నువ్వెప్పుడు ఇన్నవు గనుక. మళ్ళ అనిపిచ్చింది, సమ్మవ్వను పిలిచే ఆ ఒక్క కేక సుత పోతది గద అని.

ఆ కొత్త మందు ముచ్చట చెప్త ఇను. నానో మందు అంటరట. సన్నటి ఇనుప రవ్వలు. ఎంత సన్నయంటే, వెంట్రుక ఎంత మందం ఉంటదో అంత జాగల వెయ్యి పక్కపక్కన నిలబడ్తయట. ఒక్కొక్క రవ్వకు సుట్టూత కొవ్వు పొర, ఆ పొరల మందు. నరంల నుంచి ఎక్కిస్తరు. గడ్డ ఉన్న కాడ రక్తనాళాలు పగుళ్ళు పగుళ్ళు ఉంటయట, పాడు పైకప్పుల నుంచి నీళ్ళు కారినట్టు ఆ పగుళ్ళల్ల నుంచి ఈ రవ్వలు లోపలికి జారి అక్కడ మందు ఇడుస్తయట. మిషిన్ల పండుకోబెట్టి చూస్తే ఏ రవ్వలు ఎక్కడికి పోయినయో కనబడతదట. చూసుడు, మందు పెట్టుడు ఒక్కతీరుగ. నాకు అర్థం కావాలని ఆ పిల్ల, "తాతా, మీరు నెత్తికి దీపం పెట్టుకొని పనిముట్టు పట్టుకొని దిగుతరు గద, గట్లనే అనుకో" అన్నది.

అన్నా, ఆమె గట్ల అనంగనే నాకు అంత కనబడ్డది. ఆ కుర్చీల కూచున్నోన్ని కూచున్నట్టే. నా చెయ్యి నుంచి ఒక షిఫ్టు దిగుతున్నది. చీమ కంటె చిన్న మనుషులు, నెత్తి మీద దీపాలు, ఎవరు ఎవరితోని మాట్లాడుతలేరు. ఎర్రటి నీళ్ళు మోకాళ్ళ దాక. మూల తిరిగినప్పుడల్లా దీపాలు వరుసగ తిరుగుతున్నయి, తెల్లారగట్ల పొగమంచుల మనోళ్ళు బాయికి పోయినట్టు. ఎంత మంచిగ అనిపిచ్చిందో. ఒప్పుకుందామనే నోరు తెరిచిన. గని నా నోట్లెకెల్లి వేరే మాట వచ్చింది.

"బిడ్డా, ఇవి మళ్ళ పైకి ఎట్ల వస్తయి?"

"రావు తాతా. మందు ఇడిచినంక లోపట్నే ఉంటయి. ఆ ఇనుమును మెల్లమెల్లగ ఒళ్ళు కలుపుకుంటది. ఏం ఫికర్ లేదు."

నేను లేచిన. ఆలోచించి చెప్త అని చెప్పి బయిటికి వచ్చిన. సమ్మవ్వ చీటీల లైన్ల నిలబడి ఉన్నది. "ఏమన్నది" అని అడిగింది. "ఏం లేదంట, గోలీలు మింగితే చాలంట" అన్న. ఆమె చేతుల చీటీ అక్కడనే చింపింది. బస్సు ఎక్కేటప్పుడు గాజులు కొనుక్కున్నది. ఇంటికి వచ్చినంక వాడకట్టు అందరికి చెప్పింది, మా ఆయనకు ఏం లేదన్నరని. ఇదే అన్నా, నువ్వొక్కనివే చదవమన్న ముచ్చట. నేను ఆ మందు వద్దనుకున్న. కోసుకునుడు వద్దనుకున్న. ఇట్లనే ఉంటననుకున్న.

నీకు చెప్పాల్సిన పని లేదు గని చెప్త. నీ కిటికీ కాడ నంబరు బిళ్ళ ఇచ్చి దీపం తీసుకునుడు, పైకి వచ్చి దీపం ఇచ్చి బిళ్ళ తీసుకునుడు. ఒక్క దీపం రాకున్నా నువ్వు ల్యాంప్ రూం కిటికీ మూయకపోతుంటివి. షిఫ్టు మారినా, మబ్బు పట్టినా, కిటికీ పట్టుకొని తొవ్వ చూస్తుంటివి. పైకప్పు కూలిననాడు నా జోడీ పోశం, నేను ఒక్కతాన ఉన్నం. నన్ను తీసిండ్రు, పోశం దక్కలేదు. దవాఖాన నుంచి లేచి మళ్ళ డ్యూటీకి వచ్చిననాడు నీ కిటికీల నుంచి చూస్తే పోశం దీపం గూడు ఖాళీగ ఉన్నది. మనిషిని తెచ్చిండ్రు గని దీపం రాలేదు. నేను అడగలే, నువ్వు చెప్పలే. రిటైరు అయ్యెదాక ఆ ఖాళీ గూడు చూసుకుంటనే నా దీపం తీసుకున్న.

ఇప్పుడు ఆ బాయి మూసేసిండ్రు, నీళ్ళు నిండినయి. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గుంతల బ్లాస్టింగు కొడితే మా ఇంటి రేకులు గలగలమంటయి. అప్పుడు కునుకుల ఉంటే నాకు ఆ నీళ్ళు కనబడతయి. అంత కింద, అంత నల్లటి నీళ్ళల్ల ఒక దీపం ఒక్కతే కూచోని ఉంటది. ఎవరన్న వస్తరేమో అని చూస్తుంటది. ఒక్క దీపానికే నాకు ఇంతగనం ఉంటే, గన్ని వేల దీపాలను నా లోపటికి దించి, ఇగ పైకి రాకుండ్రి అని ఎట్ల చెప్పాలె?

బతుకంత దీపాలు ఇచ్చి తీసుకున్న మనిషివి. వాపసు రాదని ముందే తెలిస్తే నువ్వు దీపం ఇస్తవా అన్నా? ఇది ఒక్కటి అడుగుదామని రాసిన.

నీ తమ్ముడు
ఎల్లేశం

•

కొత్తగూడెం

తమ్ముడు ఎల్లేశానికి తీతు వందనాలు. ప్రభువు కృప నీ ఇంటికి తోడుండును గాక.

నీ ఉత్తరం డెబోరాకు ఇయ్యలేదు. ఆరాధన నుంచి వచ్చి వరండాల ఎండకు కూచొని నేనే చదివిన. చివరి లైను కాయితం దాటి నా ఒళ్ళెకు పడ్డట్టున్నది. అయినా చదివిన. డెబోరా వచ్చి చాయ్ పెట్టి, ఏంది నాయినా అని అడిగిందట, నాకు వినబడలేదు. చాయ్ చల్లారింది.

ముందుగాల తిట్టాలె, తిట్టినంక మాట్లాడుకుందాం. నువ్వు టింబర్ పనోనివి. దుంగ నిలబెట్టి వస్తివి. ఎన్నడన్న ఆ దుంగను మళ్ళ భుజం మీద వేసుకొని ఇంటికి తెచ్చినవా? అది కింద ఉంటనే పైకప్పు ఆగుతది. దుంగకు లేని బాధ దీపానికి ఎందుకు పెట్టినవు? దీపం వాపసు రావాలని చూసుడు నా ఉద్యోగం. కిటికీ ఇవతల ఉన్నోని ఫికర్ అది. కిటికీ అవతల ఉన్నోనికి దీపం ఎందుకంటే, కింద వెలుగుడు కోసం. నువ్వు నా ఫికర్ పట్టుకొని కూచున్నవు, నీది ఇడిచిపెట్టినవు.

ఇంకో మాట. చూసేది అదే, మందు పెట్టేది అదే అన్నవు. ఒక్క మనిషికి రెండు డ్యూటీలు. మన కాలంల అయితే గేటు కాడ యూనియన్ జెండా పట్టుకొని సమ్మెకు కూచుంటుండె మనోళ్ళు.

సరే. ఇప్పుడు పోశం ముచ్చట. ఇన్నేండ్లు నీకు చెప్పలేదు. పోశం పెండ్లాం సారవ్వ నాతోని ఒట్టు పెట్టించుకున్నది. "ఎల్లన్నకు చెప్పకు తీతన్న, చెప్తే బతికినందుకు తల వంచుకొని తిరుగుతడు, అసలే మాట లేని మనిషి" అన్నది. సారవ్వ మొన్న వానకాలంల కాలం చేసింది. ఇగ ఆ ఒట్టు ఆమెతోనే పోయిందనుకొని చెప్తున్న.

పైకప్పు కూలిననాడు నీ దీపం మొదటి రాయికే పగిలింది. రెస్క్యూ పిల్లలు దిగిండ్రు. అంత దుమ్ము, అంత రాయి. ఏ పక్క నుంచి తీయాలె, ఎవరు ఎక్కడ ఉన్నరు, ఏం తెలుస్తలేదు. తప్పు పక్క తీస్తే ఇంకింత వస్తది. అందరు తమ దీపాలు ఆర్పిండ్రట. నీకు తెలుసు గద, చీకట్ల చూడాలంటే ముందు మన వెలుగు తీసెయ్యాలె. ఆర్పి నిలబడితే, దుమ్ము దిగినంక, రాళ్ళ సందుల నుంచి పసుపు దారం అంత వెలుగు. పోశం దీపం. ఆ దారం పట్టుకొని తీసుకుంట పోతే ముందు దొరికింది నువ్వు. నీ కాళ్ళ అవతల పోశం ఉండె. అప్పటికే ఊపిరి లేదు.

దీపం ఒక పెద్ద బండ కింద ఇరికి ఉండె. ఆ బండను కదిలిస్తే పైనున్నదంత దిగుతది. పోశం నడుముకున్న బ్యాటరీ పట్టీ కోసి మనిషిని తెచ్చిండ్రు, దీపాన్ని బ్యాటరీతోని అక్కడనే ఇడిచిండ్రు. వాళ్ళు మూల తిరిగెదాక వెనుక వెలుగు పడుతనే ఉన్నదట. ఆ పిల్లలల్ల ఒకడు నా కిటికీ కాడికి వచ్చి ఇదంత చెప్పి ఏడ్చిండు.

తెల్లారి మా సారు వచ్చి, "ఒక గూడు ఖాళీ ఉన్నది, దీపమేది" అని అడిగిండు. "అది ఇంకా డ్యూటీల ఉన్నది సార్" అన్న. నా నోట్లెకెల్లి గట్లనే వచ్చింది. ఆయన నన్ను చూసిండు, గూడును చూసిండు, పోయిండు. ఆ గూట్ల ఇంకో దీపం పెట్టమని ఎన్నడు అనలేదు.

నువ్వు ఆ ఖాళీ గూడు చూసినప్పుడల్లా ఒక దీపం పోయిందనుకున్నవు. నేను చూసినప్పుడల్లా ఎల్లేశం పైకి వచ్చిండు అనుకున్న. ఒక్క గూడునే ఇద్దరం చూసినం తమ్ముడు.

నువ్వు అడిగినదానికి జవాబు. ఇస్త. వాపసు రాదని తెలిసినా ఇస్త. డ్యూటీల ఉన్నదని సారుకు చెప్పిననాడే ఇచ్చిన.

సమ్మవ్వకు చెప్పు. నువ్వు చెప్పకుంటే డెబోరా ఫోన్‌ల నేనే చెప్త. నాకు వినరాదు గని ఒర్రుడు వస్తది.

నీ అన్న
తీతు

•

పట్నం, దవాఖాన

తీతన్నకు ఎల్లేశం దండాలు.

ఈసారి రాత ఇంకా పాడు, చేతికి సూది ఉన్నది. మాఫ్ చెయ్యి.

నీ ఉత్తరం చదివి నేను గోదావరి ఒడ్డుకు పోయి కూచున్న. నీళ్ళు చూసుకుంట కూచున్న. ఏం అనుకున్ననో రాయరాదు నాకు. రాసేతందుకు మాటలు సరిపోవు, నాకు ఉన్నయే కొన్ని. అటు ఒడ్డు కనబడకుంట పొగమంచు ఉండె. మంచుల నుంచి ఒక నాటుపడవ వచ్చి మళ్ళ మంచులనే కలిసిపోయింది. నేను లేచి ఇంటికి వచ్చిన.

సమ్మవ్వ వాకిట్ల కూచొని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నది. చెప్పిన. గోలీలు అన్నది అబద్ధమని, రెండు తొవ్వలున్నయని, నేను రెండూ వద్దనుకున్ననని. దీపాల ముచ్చట, నీ ఉత్తరం ముచ్చట సుత చెప్పిన. ఆమె తలకాయ ఎత్తలేదు. ఈనెలు తీసుకుంటనే, "నాకు చెప్పేతందుకు కొత్తగూడెం నుంచి తొవ్వనా? నేను ఈ వాకిట్లనే ఉన్న గద" అన్నది. నేను ఆమె చేతులు చూసిన. కాయలు మన్నుల పారేస్తున్నది, ఈనెలు గిన్నెల వేస్తున్నది. కొత్త గాజులు గలగలమంటున్నయి. నేను మన్నుల నుంచి ఒక్కొక్క కాయ ఏరి కడిగిన. గట్లనే పొద్దు గూకింది.

మళ్ళ పట్నం వచ్చినంక యమున బిడ్డకు నేను ఎందుకు లేచిపోయిననో సమ్మవ్వనే చెప్పింది, మొత్తం, నన్ను ఒక్క మాట చెప్పనియ్యకుంట. ఆ పిల్ల ఇని చేతుల కలం కింద పెట్టింది. "మా నాయిన సుత షిఫ్టు నుంచి రాకముందు మా అమ్మ అన్నం తినకపోతుండె తాతా. ఆ దీపం మాట నేను అనకపోయేది ఉండె" అన్నది. "అనుడే మంచిగైంది బిడ్డా, ఎక్కియ్యి" అన్న.

మందు తుప్పు నీళ్ళ రంగు ఉన్నది. బాయిల గోడల పొంటి ఊరే నీళ్ళు యాదికొచ్చినయి. నరంల దిగుతుంటే చెయ్యి చల్లబడ్డది, భుజం చల్లబడ్డది. కిటికీల పావురాలు గుర్రుమంటున్నయి. సమ్మవ్వ నా కాళ్ళ మీద దుప్పటి సర్దింది. మధ్యాహ్నం ఎండ దుప్పటి మీద పడ్డది. కన్ను మలిగిందో తెరిచే ఉందో తెలుస్తలేదు.

ఆ షిఫ్టు మళ్ళ దిగింది అన్నా. ఈసారి నేను చూసుకుంట నిలబడలేదు, బాయి నేనే. నా లోపట అడుగుల సప్పుడు. ఒక్కొక్క దీపం నా పక్క నుంచి పోతున్నది, పోయేటప్పుడు కొంచెం వంగుతున్నది, తక్కువ ఎత్తు కాడ మనం వంగినట్టు. అందరి ముందట పోశం. ముసలోడు కాలే, గట్లనే ఉన్నడు. చేతుల కట్టె పట్టుకొని పైకప్పు కొట్టి ఇనుకుంట పోతున్నడు. టక్. టక్. ఒకతాన ఆగి చెవి పెట్టిండు. "ఎల్లన్నా, ఇక్కడ బోలు పలుకుతున్నది" అన్నడు. వెనుకున్న దీపాలన్ని అక్కడ ఆగినయి. నేను, "పోశం, పైకి పోదాం రా" అందామనుకున్న. ఆయన నాదిక్కు చూడలే. పనిల ఉన్నడు. పనిల ఉన్నోన్ని పిలవద్దు గద. పిలవలే.

తెల్లారి మిషిన్ల పండుకోబెట్టిండ్రు. అది డ్రిల్లు మిషిన్ లెక్క మోగుతది. పక్క మంచం ఆయన భయపడి బయిటికి వచ్చిండు. నేను మంచిగ నిద్రపోయిన.

యమున బిడ్డ బొమ్మ చూపించింది. మొత్తం బూడిద రంగు, నా గొంతు. తెల్లటి దీపాల కోసం చూసిన, ఎక్కడ లేవు. గడ్డ అంచు పొంటి నల్లగ, బొగ్గు పొర లెక్క వంపు తిరిగి ఒక గీత.

"దీపాలేవి బిడ్డా?"

"ఇవే తాతా. ఈ మిషిన్ల ఇనుము నల్లగనే కనబడతది. ఎంత నల్లగుంటే అంత మంచిగ చేరినట్టు. అంచుకు చేరినయి. నడుమకు ఇంకా పోలే, రెండోసారి ఎక్కిస్త. పోతయో పోవో చూడాలె."

సమ్మవ్వ ఆ బొమ్మ దగ్గరికి పోయి చూసింది. "బతుకంత ఈ నల్లటిదాని ఎనుక పడి కిందికి పోయిండు. ఇప్పుడు అదే ఈయనను వెతుక్కుంట వచ్చింది" అన్నది. డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేదు. నేను సుత నవ్విన, సప్పుడు లేకుంట.

రెండోసారి ఎక్కిచ్చిండ్రు. మళ్ళ బొమ్మ తీస్తే తెలుస్తది. ఇది మానుతదని ఆ పిల్ల చెప్తలేదు, నేను అడుగుతలేను. మానకుంటే ఆపరేషను చేపిచ్చుకుంట, అది సుత సమ్మవ్వకు చెప్పిన. నిన్న ఒకటి అయింది. ఆమె వార్డు చివర నల్ల కాడ గిన్నె కడుగుతున్నది. నాకు దూప అయితున్నది. "ఓ" అని పిలిచిన, ఎప్పటిలెక్కనే. వస్తదని కాదు, అలవాటు. ఆమె నల్ల బంద్ చేసి తిరిగి చూసింది. "పిలిచినవా?" అని అక్కడి నుంచే అడిగింది. గొంతు లేచిందో, ఆమె చెవులు అంతసేపు నాదిక్కే ఉన్నయో తెల్వది. మంచినీళ్ళు తెచ్చింది, తాగిన.

నీళ్ళ కింద ఆ దీపం నాకు ఇప్పుడు సుత కనబడతది. గని ఒక్కతే కూచోలేదు. డ్యూటీల ఉన్నది.

ఒక్కటి యాదికి పెట్టుకో అన్నా. ఈ షిఫ్టుల దిగిన దీపాలు నీకు వాపసు రావు. వాటి కోసం తొవ్వ చూడకు. నా కోసం చూడు. నేను వచ్చెదాక కిటికీ మూయకు. జల్ది జవాబు రాయి.

నీ తమ్ముడు
ఎల్లేశం